అంగడి పటము: అందుబాటును, చౌకదనమును

మన పల్లెలలో ఏ యింటి గడప దాటి లోనికి పోయినను గోడమీద ఒక్క పటమైనను కనబడక మానదు. లక్ష్మీదేవియో, వేములవాడ రాజన్నయో, కొండగట్టు అంజన్నయో, గతించిన తండ్రి ఛాయాపటమో, దుకాణమువారు పంచిపెట్టిన క్యాలెండరో తప్పక యుండును. కోనరావుపేటనుండి వేములవాడ దేవళమునకు పోయి వచ్చువారు ప్రసాదముతోపాటు పటముల అంగడిలో నొక బొమ్మను కొని తెచ్చుకొనుట వాడుక. ఆ పటమును చిత్రించిన వాడెవడో మనకు తెలియదు, అడుగుటయు లేదు. అయినను మన పిల్లలు కన్ను తెరచినది మొదలు చూచు చిత్రకళ ఇదియే. పట్టణములోని చిత్రశాలకు మనలో ఎందరు పోవుదురు? అంగడి పటమో, అది అడుగకయే మన యింటికి వచ్చును.

చదువుకొన్న వారిలో కొందరు ఈ పటములను చూచి నవ్వుదురు. ఇవి బజారు బొమ్మలు, వీనిలో కళ యేమున్నదని తీసివేయుదురు. మరికొందరు పదిమందికి నచ్చినదే కళ యనియు, పండితులకు మాత్రమే తెలియునది తమకక్కరలేదనియు వాదింతురు. ఈ రెండు వాదములలోను కొంత నిజము, కొంత పొరపాటు కలదు. ఒక బొమ్మ అందరికిని అందుబాటుగా నుండుట వేరు. చౌకబారుగా నుండుట వేరు. ఆ రెంటి నడుమ గల భేదమేదో విచారించుటయే నేటి ప్రసంగ విషయము.

ఇది ప్రొద్దుపోక చేయు చర్చ కాదు. గుడి జీర్ణోద్ధరణమైనపుడు గోడలపై నేమి వ్రాయింపవలెను, బడిగోడమీద ఎవరి బొమ్మ యుండవలెను, ఏ పెయింటరును పిలువవలెను, వానికెంత కూలి యియ్యవలెను అను మాటలు తుదకు ఊరి పెద్దల యొద్దకే వచ్చును. మీరు సరే యన్న బొమ్మ ఇరువది, ముప్పది యేండ్లు గోడమీద నిలుచును. మీరు వద్దన్న బొమ్మ సున్నము క్రింద మాసిపోవును. కనుక ఈ విషయమున మీకు గల బాధ్యత చిత్రశాలల అధికారులకు గల దానికంటె తక్కువది కాదు.

ముందుగా ఒక అపోహను తొలగింపవలెను. డబ్బు కొరకు, పదిమంది మెప్పు కొరకు వ్రాసినది కళ కానేరదని కొందరి నమ్మకము. ఇది నిజమైనచో మన తెలంగాణములో మిక్కిలి పేరుగన్న నకాశీ చిత్రములనే ముందుగా త్రోసివేయవలసి యుండును. చేర్యాల మనకు దూరదేశము కాదు. సిద్దిపేట దాటి జనగామకు పోవు త్రోవలో నున్నది. అచ్చటి నకాశీ కుటుంబములవారు తరతరములుగా కథల పటములు వ్రాసి జీవించినారు. వారు తమ సంతోషము కొరకే వ్రాయలేదు. కథ చెప్పువారు వచ్చి ఇంత పొడవు, ఇన్ని ఘట్టములు, ఇంత సొమ్ము అని మాట్లాడుకొని వ్రాయించుకొని పోయెడివారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథను, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును పటము చూపుచు వినిపించెడివారు. నేతపనివారు నిండిన సిరిసిల్ల ప్రాంతమున భావనాఋషి కథ తెలిసిన వృద్ధులకు ఈ పటముల సంగతి నేను చెప్పవలసిన పని లేదు.

ఆ పటమును సిద్ధపరచు విధము కొంచెము వినదగినది. ముతక గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టుజిగురు కలిపిన పూతను మరల మరల పూసి ఆరబెట్టుదురు. అది గట్టిపడి నునుపెక్కిన పిమ్మట ఉడుత వెంట్రుకల కుంచెతో గీత గీయుదురు. పూర్వము తెలుపునకు శంఖపుపొడి, నలుపునకు దీపపుమసి, ఎరుపునకు ఇంగిలీకము వాడెడివారు. పటము వెడల్పు సుమారు మూడడుగులు. పొడవు ముప్పది అడుగులకు మించియు నుండును. నేపథ్యమంతయు ఎఱ్ఱని ఎరుపు. దేవతల కొక రంగు, రాక్షసుల కొక రంగు, వెడల్పైన కన్నులు, ఘట్టమునకు ఘట్టమునకు నడుమ పూలతీగ.

ఇట్టి పటము మిక్కిలి సులభమైనది. అక్షరము రానివాడును ఎవడు దేవుడో, ఎవడు రాక్షసుడో దూరమునుండి చూచి గుర్తింపగలడు. ఇది అమ్మకమునకు వ్రాసినది. కొనువాని యిష్టమునకు లోబడి వ్రాసినది. రంగులలో ఎంతమాత్రము బిడియము లేనిది. అయినను దీనిని చౌకబారు అని యెవ్వరును అనజాలరు. ఏల యనగా, ఆ ఎరుపునకు పని యున్నది. పదిమంది నడుమ నిలువబెట్టిన పటము వెనుక వరుసవానికిని కనబడవలెను. ఆ వెడల్పైన కన్నులకు పని యున్నది. పాత్ర ఎవరిని చూచుచున్నదో తెలియనిదే కథ నడవదు. ప్రతి గీతకును కారణము కలదు. దీనివలన మనకు తెలియున దేమనగా, సొమ్మునకు వ్రాయుట దోషము కాదు. అందరికి తెలియునట్లు వ్రాయుట దోషము కాదు. కొట్టవచ్చిన రంగు వాడుటయు దోషము కాదు. చౌకదనమునకు మూలము మరియొక చోట నున్నది.

ఇప్పుడు మన యిండ్లలోని అచ్చు పటముల సంగతి చూతము. వీనికి ఆదిపురుషుడు రాజా రవివర్మ యని చెప్పవచ్చును. ఆయన తిరువాన్కూరులోని కిళిమానూరున 1848లో జన్మించి 1906లో మరణించెను. ఐరోపావారి తైలవర్ణ విధానమును అభ్యసించి, నీడ వెలుగులతో మనిషి ఒడలిని నిజమా యన్నట్లు చూపు నేర్పును మన పురాణకథలకు ఉపయోగించెను. రాజులు, జమీందారులు ఆయనచేత చిత్రములు వ్రాయించుకొనిరి. అయితే ఒక్కొక్క రాజమందిరములో నొక్కొక్క చిత్రమే యుండును గదా! ఆ చిత్రములను అచ్చొత్తించినచో దేశమంతటికిని అందునని రాజా సర్ టి. మాధవరావు సలహా చెప్పినట్లు ప్రసిద్ధము. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయము స్థాపించెను.

ఆనాటి ముద్రణ రాతిమీద జరిగెడిది. నునుపైన సున్నపురాతిపై జిడ్డుగల సుద్దతో బొమ్మ గీసి, రాతిని నీటితో తడిపి, పైన నూనె సిరాను పామినచో, జిడ్డున్న చోట సిరా అంటును. తడి యున్న చోట అంటదు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి కావలెను. ఒకే కాగితమును ఆ రాళ్లన్నిటిమీదను వెంట్రుకవాసి తప్పకుండ ఒత్తినగాని బొమ్మ కుదురదు. ఇది సామాన్యమైన పని కాదు. అందుకై జర్మనీ దేశపు పనివారిని రప్పించిరి. తరువాత కొలది సంవత్సరములకే ఆ ముద్రణాలయము జర్మను దేశీయుడైన ఫ్రిట్జ్ ష్లైఖరు చేతికి పోయెను. పటములు మాత్రము దేశము నలుమూలలకును వ్యాపించెను. నేడు మనము లక్ష్మి యనగానే తామరపూవులో నిలిచి చీరకట్టుకొన్న స్త్రీమూర్తిని, సరస్వతి యనగానే వీణ పట్టిన తెల్లచీర మూర్తిని తలంచుకొనుటలో ఆ పటముల పాలు చాల కలదు.

ఈ మార్పు చిన్నది కాదు. అప్పటివరకు దేవుని రూపము గర్భగుడిలో నుండెడిది. గుడి వాకిలి దాటనీయని జనులు దేశమున కోట్లకొలది యుండిరి. రవివర్మ పుట్టిన తిరువాన్కూరులోనే ఆలయప్రవేశ ప్రకటన 1936లో గాని వెలువడలేదు. గుడిలోనికి పోజాలని వాని గుడిసెలోనికి దేవుడే కాగితముపై వచ్చెను. చౌకగా దొరకుటవలన కలిగిన ఈ మేలును మరచి అచ్చు పటమును నిందించుట న్యాయము కాదు.

అయినను రవివర్మ చిత్రములపై విమర్శ పుట్టకపోలేదు. 20వ శతాబ్ది ఆరంభమున ఆనంద కుమారస్వామి మొదలగువారు, ఇవి నాటకరంగమును తలపించుచున్నవనియు, దేవతలు వేషము వేసికొన్న మనుష్యులవలె నున్నారనియు ఆక్షేపించిరి. ఈ ఆక్షేపణలో కొంత సత్యము కలదు. అయితే రవివర్మ స్వయముగా వ్రాసిన చిత్రమును, దానికి పదియవ నకలుగా మరి యెవరో వ్రాసిన దానిని వేరుచేసి చూడవలెను. ఆయన మనుష్యులను ఎదుట కూర్చుండబెట్టి చూచి వ్రాసెను. పట్టుచీర మడత ఎట్లు విరుగునో, చేతిగాజుపై వెలుగు ఎచ్చట పడునో కనిపెట్టెను. తరువాత వచ్చిన వారిలో పెక్కుమంది మనిషిని చూడలేదు; రవివర్మ పటమును చూచిరి. వారి తరువాతివారు ఆ పటము నకలును చూచిరి. బావినీరు చేతినుండి చేతికి మారి కారిపోయినట్లు, ఒక్కొక్క నకలులో కొంతకొంత నిజము కారిపోయెను. చీర మడత గీతయైనది, గీత వంకరయైనది, ముఖము బొమ్మ ముఖమైనది. నవ్వు మాత్రము మిగిలినది.

పెద్దలారా, చౌకదనము పుట్టుచోటు ఇదియే. చిత్రకారుడు చూచుట మానివేసి, ఇదివరకు చెల్లుబడియైన గుర్తులను పేర్చి మనకిచ్చినపుడు బొమ్మ చౌకబారగును. అట్టి బొమ్మ మన మనస్సును పనిచేయనీయదు. ఇచ్చట జాలిపడుము, ఇచ్చట మురిసిపొమ్ము అని ఆజ్ఞాపించును. బుగ్గమీద ఉసిరికాయంత కన్నీటిబొట్టు పెట్టుకొన్న పసివాని అచ్చు పటమును మీరు చూచి యుందురు. ఆ పిల్లవాడు ఎవడు, ఏల యేడ్చుచున్నాడు అను ప్రశ్నకు అందు తావు లేదు. కన్నీరు కనబడినది గనుక మనము అయ్యో యనవలెను, అంతే. మన యింటి బిడ్డ యేడ్చునపుడు ఇట్లుండునా? వాని పెదవి వంకరపోవును, ముక్కు కారును, పిడికిళ్లు బిగియును. నిజముగా చూచి వ్రాసినవాడు ఆ పిడికిలిని వ్రాయును. ఆ పిడికిలిని చూచి తల్లి తన బిడ్డను గుర్తించును. అదియు సులభమే, దానికి చదువక్కరలేదు. అయితే అది చౌక కాదు.

క్యాలెండరు చిత్రకారులందరును ఇట్లు చూడక వ్రాసినవారే యని తలంపరాదు. తమిళదేశమున శివకాశి ముద్రణకు పేరుపొందిన పట్టణము. అచ్చటినుండి క్యాలెండర్లు దేశమంతటికిని పోవుచున్నవి. దానికి సమీపమున కోవిల్పట్టిలో నివసించిన సి. కొండయ్య రాజు (1898–1976) మద్రాసు చిత్రకళాశాలలో శిక్షణ పొందినవాడు. ఆయనయు, ఆయన శిష్యులును వ్రాసిన దేవతామూర్తులు దక్షిణదేశపు పూజగదులలో వేలకొలది వెలసినవి. వారి చేతిలో నేర్పు లేకపోలేదు. కాని ఆ వ్యాపారములో నిరుడు చెల్లిన బొమ్మనే ఈ యేడును వ్రాయుమని అడుగువారు కలరు. కొనువాడు మారుట కిష్టపడడు. అచ్చువేయువాడు నష్టమునకు వెరచును. చిత్రకారునికి ఇల్లు గడువవలెను. ఈ మూటి నడుమ చూచి వ్రాయుటకు తీరిక తరిగిపోవును. కనుక చౌకదనమునకు బాధ్యుడు చిత్రకారు డొక్కడే కాడు. అడిగినవాని కోరికయు అందు పాలు పంచుకొనును.

ఇక సినిమా బొమ్మలును, దుకాణపు బోర్డులును వ్రాసినవారి సంగతి. పాలకొల్లునుండి మద్రాసునకు పోయి వందలకొలది చిత్రములకు గోడప్రకటనలు కూర్చిన ఈశ్వర్ పేరు సినిమా ఎరిగినవారికి తెలియును. పట్టణములలో తట్టుకట్టిన గుడ్డపై రెండంతస్తుల యెత్తున నాయకుని ముఖము వ్రాసిన పేరులేని పెయింటర్లు ఎందరో కలరు. వారు చిన్న ఛాయాపటముపై గడులు గీసి, ఆ గడులను పెద్ద గుడ్డపై పెంచి, నిచ్చెనపై నిలిచి వ్రాసెడివారు. దగ్గరనుండి చూచినచో చెంపపై ఊదారంగు, కంటిక్రింద ఆకుపచ్చ కనబడును. ఇదేమి వికారమని మనకు తోచును. వీధి ఆవలి వైపునకు పోయి చూచినచో ఆ రంగులు కలిసిపోయి ముఖము సజీవముగా నిలుచును. ఇది తక్కువ విద్య కాదు. సంతలో కేక వేసినట్లు, దారిన పోవువానిని పిలుచుట ఆ బొమ్మ ధర్మము. ఆ కేకనే ఇంటిలో, పడకగదిలో, గుడిమంటపములో వేసినచో వినువారికి తలనొప్పి కలుగును. తగిన చోట తగిన బొమ్మ యుండనపుడు మంచి పనియు చౌకగా కనబడును.

2000 సంవత్సరము తరువాతి దశాబ్దములో ఫ్లెక్సీలు వచ్చి ఈ చేతిపనివారి యన్నము తీసివేసినవి. ఛాయాపటమును యంత్రములో నుంచినచో గంటలో ఎంతటి ప్లాస్టిక్కు గుడ్డపైనను అచ్చుపడును. ఇందులో సౌకర్యము కలదు, కాదనరాదు. కాని పెండ్లికి, చావునకు, పండుగకు, ఎన్నికకు ఒకే తీరు గులాబీలు, ఒకే తీరు మేఘములు, ఒకే తీరు వెలుగు చక్రములు కనబడుచున్నవి. బ్రతికియున్న వానికిని, చనిపోయిన వానికిని ఒకే అలంకారము. చూచి వ్రాయుట మానిన బొమ్మ ఎచ్చటికి చేరునో ఇవి చెప్పకయే చెప్పుచున్నవి.

సులభమైనదియు, చౌక కానిదియు నగు కళ అచ్చులో సాధ్యమా యని అడుగవచ్చును. సాధ్యమే. మన తెలుగు పత్రికల చిత్రకారులే ఇందుకు సాక్షులు. శ్రీకాకుళమున 1921లో పుట్టి 1992లో గతించిన వడ్డాది పాపయ్య చందమామ, యువ మొదలగు పత్రికల ముఖచిత్రములను వ్రాసెను. వపా యను సంతకము ఎరుగని తెలుగు చదువరి ఆ తరమున అరుదు. ఆయన వర్ణములు మిక్కిలి మెరయును. స్త్రీమూర్తులు కొంత కలలోని వారివలె నుందురు. అయినను ఋతువునుబట్టి ఆకాశము మారును. పండుగనుబట్టి వాకిలి మారును. చేతిలోని పళ్లెము, తలలోని పూవు ఫలానిదని చెప్పగలము. ఇక బాపు (1933–2014) సంగతి. వారపత్రికల కాగితము ముతకది; ముద్రణ సామాన్యమైనది; నీడ వెలుగులు వ్రాసినచో సిరా అలుముకొని పోవును. ఆ కాగితమునకు తగిన నల్లని గీతనే ఆయన తన సర్వస్వముగా చేసికొనెను. రెండు మూడు గీతలలో అత్తగారి అధికారము, కొత్తకోడలి బెదురు, పేకాట మామయ్య బద్ధకము తెలియునట్లు చేసెను. మామయ్య ఎట్లు కూర్చుండునో చూడనివాడు అంత తక్కువ గీతలతో ఆయనను వ్రాయలేడు.

ఇంతకంటె మనకు దగ్గరి ఉదాహరణములు రెండు కలవు. సిద్దిపేటవాసియైన కాపు రాజయ్య (1925–2012) నకాశీ పటముల పద్ధతిని తన చిత్రములలోనికి తెచ్చి, బోనాల పండుగను, పల్లె పనిపాటలను చిత్రించెను. పట్టణపు చిత్రశాలలో గౌరవము పొందిన ఆ చిత్రములను పల్లెవాడు చూచినను ఇది మన బోనమే యని అనగలడు. రెండవవారు తోట వైకుంఠము. ఆయన 1942లో పూర్వపు మన కరీంనగరు జిల్లాలోని బూరుగుపల్లిలో జన్మించినారు. హైదరాబాదులోను, పిదప బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ యొద్దను విద్య నేర్చినారు. అంత చదివి చివరకు ఆయన తన కుంచెకు ఎన్నుకొన్న వస్తువేది? మన ఊరి స్త్రీ. నల్లని చాయ, నుదుట పెద్ద కుంకుమబొట్టు, ముక్కున నత్తు, ఎఱ్ఱని చీర, భుజముపై చిలుక. బి. నర్సింగరావు 1988లో తీసిన దాసి చిత్రమునకు కళాదర్శకత్వము చేసి జాతీయ పురస్కారము పొందినది కూడ వీరే.

వైకుంఠము చిత్రములు పేరుపొందిన పిమ్మట వాని నకళ్లు అంగళ్లలో వెలసినవి. పెద్ద బొట్టు, పెద్ద నత్తు, పచ్చని చిలుక పెట్టినచో తెలంగాణము బొమ్మ యైపోయినదని నకలు వ్రాయువారి తలంపు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో భేదము తెలియును. మూలచిత్రములోని స్త్రీ కూర్చున్నపుడు ఆమె బరువు నేలమీద ఆనును. మెడ వంపులో బిడియమో, ధీమాయో యుండును. ఆమెకు మనతో పని లేదు. తన తలపులో తానున్నది. నకలులోని స్త్రీకి నగలున్నవి గాని బరువు లేదు; బొట్టున్నది గాని తలపు లేదు. ఆమె కొనువాని వంక చూచుచు అమ్ముడుపోవుటకు సిద్ధముగా నున్నది. గుర్తులు రెంటను అవియే. ఒకటి మన మనిషి. మరియొకటి మన మనిషికి వేసిన వేషము.

చేర్యాల నకాశీవారికిని నేడు ఇట్టి చిక్కే వచ్చినది. పటము చూపి కథ చెప్పువారు సినిమాలు, దూరదర్శనములు వచ్చిన పిదప తగ్గిపోయిరి. ముప్పది అడుగుల పటము అడుగువాడు అరుదైనాడు. ఈ చిత్రకళకు ప్రభుత్వమువారి భౌగోళిక గుర్తింపు లభించినను, అమ్మకము ఎక్కువగా చిన్న పటములకును, రంపపుపొట్టు, చింతగింజల ముద్దతో చేసిన ముఖముల బొమ్మలకునే కలదు. కథనుండి ఒక్క ఘట్టమును కత్తిరించి పటము కట్టించినచో, అది అలంకారముగా నిలుచును గాని కథ చెప్పదు. అందుకు ఆ కుటుంబములను తప్పుపట్టరాదు. కథ అడుగువారు లేనిదే వారు కథ ఎవరికి వ్రాయుదురు?

ఇక బొమ్మను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు మీ ముందుంచెదను.

మొదటిది: వ్రాసినవాడు చూచి వ్రాసినాడా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటలో మీకు మించిన పరీక్షకులు లేరు. రైతు బొమ్మ యున్నది. కాడి ఎద్దుల మెడపై ఎచ్చట ఆనవలెనో మీకు తెలియును. మేడిని ఎట్లు పట్టుదురో, దున్నువాని నడుము ఎంత వంగునో తెలియును. మగ్గము బొమ్మ యున్నచో నేతగాని కాలు ఎచ్చట నుండవలెనో సిరిసిల్ల పిల్లవాడు కూడ చెప్పగలడు. ఇస్త్రీ చెదరని తెల్లపంచెతో నవ్వుచు బురదలో నిలిచిన రైతు, చేయి ఆనని నాగలి కనబడినచో, ఆ బొమ్మ వ్రాసినవాడు పొలమునకు పోలేదని మీరు నిస్సంకోచముగా చెప్పవచ్చును. ఈ తీర్పు పట్టణపు విమర్శకుని తీర్పుకంటె నమ్మదగినది.

రెండవది: మరల చూచినపుడు ఏమైన మిగిలినదా? తలుపు తెరచినంతనే ఇల్లంతయు కనబడి, లోన గది లేకపోయినచో అది తలుపే గాని ఇల్లు కాదు. మంచి బొమ్మకును సులభమైన తలుపుండును. పసివాడును లోనికి పోగలడు. కాని లోపల గదులుండును. పది దినములు గోడమీద నున్న తరువాత, మొదటి దినమున కనబడనిది ఒక్కటైనను కనబడినచో అది నిలుచు బొమ్మ.

మూడవది: ఈ చోటికి, ఈ పనికి తగినదా? సంత కేక సంతలో ఒప్పును. గుడి ముఖమంటపమున ఒప్పదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. పూజకు పెట్టుకొన్న పటములో రేఖ ఎట్లున్నది, రంగు ఎట్లున్నది అని చూచువాడు భక్తుడా యని మీరు అడుగవచ్చును. నిజమే. దండము పెట్టువాని భక్తిని పటము వెలతో కొలువరాదు. మాసిపోయిన అచ్చు కాగితము ముందు అరువది యేండ్లు దీపము పెట్టిన అవ్వకు ఆ కాగితము ఎంతటి శిల్పమునకైనను తీసిపోదు. ఏ యింటి గోడనుండియు ఏ పటమును తీసివేయుమని నేను చెప్పుట లేదు. భక్తి చూచువాని సొత్తు. పనితనము చేయువాని సొత్తు. మొదటిది ఉన్నది గదా యని రెండవదానిని అడుగుట మానరాదు. దేవునికి నైవేద్యము పెట్టునప్పుడు దేవుడేమి యనునులే యని పురుగు పట్టిన బియ్యము వండుదుమా?

కావున ఊరిలో గోడబొమ్మలు వ్రాయింపవలసి వచ్చినపుడు కొన్ని సంగతులు మనసున నుంచుకొనుడు. చదరపు అడుగుకింతయని బేరమాడి, పండుగలోపల ముగింపుమని తొందరపెట్టినచో, పెయింటరు తన చేతిఫోనులోని బొమ్మను చూచి వ్రాయక ఏమి చేయును? వానికి వ్యవధి యిండు, ఊరిలో తిరుగనిండు, మీ జాతరను, మీ చెరువుకట్టను, మీ ముసలివారి ముఖములను చూడనిండు. ముందుగా కాగితముపై వ్రాసి చూపుమని కోరి, కాడి తప్పున్నచో చెప్పి దిద్దింపుడు. నకాశీ పద్ధతి వచ్చినవారు దొరకినచో, మీ ఊరి కథనే ఘట్టములుగా వ్రాయుమని అడుగుడు. చేర్యాల మనకు ఒక్క దినపు ప్రయాణములోనిది.

పాత గుడిలో సున్నపు గోడలపై పూర్వపు బొమ్మ లేవైన మిగిలి యున్నచో, మాసినవని వానిపై ఎనామెలు రంగు పూయింపకుడు. సున్నపు గోడ గాలి పీల్చును. లోని తేమను బయటికి వదలును. ఎనామెలు పొర ఆ తేమను బంధించును. కొన్నియేండ్లకు రంగుతోపాటు లోని గారయు పెచ్చులూడి, క్రింది పాత బొమ్మను కూడ తీసికొని పోవును. క్రొత్త రంగును మరల పూయవచ్చును గాని పోయిన గీతను తేజాలము. అట్టి గోడ యున్నదని తెలిసినచో, చేయి పెట్టకముందే పురావస్తు శాఖవారికి ఒక జాబు వ్రాయుట మేలు.

చివరగా, బొమ్మ వ్రాసినవాని పేరు గోడమూలనైన వ్రాయనిండు. తన పేరు నిలుచునని తెలిసినవాడు కాడిని ఒకసారికి రెండుసార్లు చూచి వ్రాయును. మన యిండ్లలోని పటములను వ్రాసిన వారెవరో మనకు తెలియకుండ పోయినది. మీ ఊరి గోడను వ్రాయువాని పేరైనను మీ మనుమలకు తెలియవలెను.